సన్న ఊపిరి

ఎండల ఐదో నెల, సోమవారం

ఈరోజు మొదటి పసుపు ఐదో తరగతి సాయిచరణ్‌ది. హాజరు పూర్తికాకముందే వాడి చేతిపట్టీ ఆకుపచ్చ నుంచి పసుపుకు తిరిగిందని నా ఫోను గోల పెట్టింది. పసుపు వస్తే ఆ పూటే ఇంటికి వెళ్ళాలన్నది నియమం. నిచ్చెనలు దిగి, నీళ్ళు నిలిచిన మలుపు దాటి, బొగ్గుబాయి కింది సీములో, అంటే కింది పొరలో, ఉన్న వాళ్ళ గదికి వెళ్ళాను. తల్లి కంగారుపడి గ్లాసు నిండా నీళ్ళిచ్చింది. అవి వాళ్ళ పూట వాటాలోవని తెలిసి కూడా తాగేశాను, అంత దాహంగా ఉంది. తీరా ఆరా తీస్తే వాడి కష్టం ఏమిటయ్యా అంటే, కబడ్డీ జట్టుకు వాణ్ణి కాదని పక్క గ్యాలరీ సొరంగం పిల్లవాణ్ణి కెప్టెన్ చేశారట.

"దీనికేనా టీచర్ గింత దూరం వచ్చినవ్?" అంది ఆ తల్లి.

దీనికేనమ్మా అన్నాను. తిరిగి నిచ్చెనలు ఎక్కుతుంటే మోకాళ్ళు నన్ను తిట్టాయి, నేను పట్టీలను తిట్టాను.

నా ఉద్యోగం పేరు తోడు టీచర్. బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు. పిల్ల చదువు పాడుకాకముందే, ఇంట్లో కష్టం ముదరకముందే ఎవరో ఒకరు వెళ్ళి తలుపు తట్టాలి. ఒకప్పుడు అలా తట్టేవాళ్ళం ఆరుగురం ఉండేవాళ్ళం. మాలో కొందరు తమ చుట్టాల ఇళ్ళకే సాయం రాయించుకుంటున్నారని గొడవలయ్యాయి. మనిషి మాట చెల్లదు, యంత్రం చెబితేనే సాయం అని బాయి నడిపే సమితి వాళ్ళు పట్టీలు తెచ్చారు. పట్టీ పిల్లల ఊపిరినీ నాడినీ వింటుంది. ఊపిరి తడబడినా, నాడి గుబులుపడినా పసుపు. పట్టీలు వచ్చాయి, ఐదుగురు టీచర్లు పోయారు. మిగిలింది నేనూ, నా మోకాళ్ళూ.

రోజూ నివేదిక రాయాలన్న నియమాన్ని మాత్రం ఎవరూ తీసేయలేదు. చదివేవాళ్ళు కూడా లేరు. అందుకే ఇందులో నాకు తోచింది రాసుకుంటున్నాను.

ఎండల ఐదో నెల, బుధవారం

పట్టీలను ఊరికే ఆడిపోసుకుంటే పాపం తగులుతుంది. ఈరోజు రెండో తరగతి నస్రీన్ పట్టీ పసుపు చూపించింది. వెళ్తే తండ్రి కళ్ళు మసకబారి నెలయిందట, ఎవరికీ చెప్పకుండా గోడలు తడుముకుంటూ పనికి పోతున్నాడు. ఆ గోతుల్లో ఏదో ఒక రోజు పడేవాడే. సాయంత్రానికల్లా అతన్ని కూర్చుని చేసే పనికి మార్చారు, నర్సు వచ్చి కళ్ళు చూసింది, పక్కింటితో జంట పొయ్యి వేయించాను.

జంట పొయ్యి మా బాయిలో పాత ఆచారం. కష్టంలో ఉన్న ఇల్లూ పక్కిల్లూ కొన్నాళ్ళు ఒకే పొయ్యి మీద వండుకుంటాయి. ఎందుకని పక్కింటివాళ్ళు అడగకూడదు. ఎవరైనా అడిగినా "వాళ్ళ పొయ్యి పాడయింది" అనే చెప్పాలి. పొయ్యి పాడవలేదని ఊరంతటికీ తెలుసు, అయినా అందరూ ఆ మాటే అంటారు. మా వాళ్ళు చేసిన మంచి పనుల్లో నాకు నచ్చేది ఇదే.

ఇంటికొచ్చి నా ఒక్కదాని గిన్నె పొయ్యి మీద పెట్టి, కూర్చున్నచోటే నిద్రపోయాను. అన్నం మాడింది.

ఎండల ఐదో నెల, శుక్రవారం

సన్న ఊపిరి పోటీ జరిగింది.

బయటివాళ్ళెవరైనా చూస్తే ఇదేం పోటీ అనుకుంటారు. తాతల కాలంలో బొగ్గు తీసిన బాయిలో బతుకుతున్నవాళ్ళకి మాత్రం ఇది నవ్వులాట కాదు. పైన ఎండ మనిషిని నిలబడనివ్వదు, కింద ఫ్యాన్ ఆగితే గాలి ఆడదు. ఒకసారి కప్పు కూలి మూడో తరగతి మొత్తం గోడ వెనక చిక్కుకుపోయింది. టీచర్ చెప్పినట్టు ఒక్క పిల్లా ఏడవకుండా, మాట్లాడకుండా, సన్నగా ఊపిరి తీస్తూ కూర్చున్నారు కాబట్టి అందరూ బతికి బయటపడ్డారు. అప్పటినుంచి నడక రాని పిల్లలకు కూడా మొదట నేర్పే మాట ఒకటే: ఏడుపు గాలి తింటుంది.

పోటీ మొదలవగానే బడి ఫ్యాన్ ఆపేస్తారు. పిల్లలు బొగ్గు స్తంభాలకు ఆనుకుని కూర్చుంటారు. ఎవరి పట్టీ అన్నిటికంటే నెమ్మదైన ఊపిరి చూపిస్తే వాళ్ళు గెలిచినట్టు. గెలిచిన పిల్ల తల్లి వచ్చి ఫ్యాన్ స్విచ్ వేస్తుంది. ఆ గాలి ముఖాన తగిలినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొడతారు. తల్లికీ బిడ్డకీ బహుమానంగా ఒక పైపొద్దు, అంటే తెల్లవారుజామున కాసేపు పైకి వెళ్ళి ఆకాశం చూసి రావచ్చు.

ఈసారీ నాలుగో తరగతి సమ్మక్కే గెలిచింది. సన్నగా, నూనె రాసి బిగించి అల్లిన జడలతో, ముఖంలో ఏ మార్పూ లేకుండా కూర్చుంది. పక్కన పిల్లలు ఆపుకోలేక దగ్గుతున్నారు, నవ్వుతున్నారు. దాని జాకెట్టు మీద గుండీ కూడా కదల్లేదు.

"మీ అమ్మేదే?" అని అడిగాను.

"షిఫ్టుల ఉంది టీచర్."

స్విచ్ నేనే వేశాను. చప్పట్లు కొట్టారు గాని ఎందుకో చప్పగా ఉంది. హెడ్మాస్టర్ గౌస్ సార్ మాత్రం మురిసిపోయారు. "ఈ పిల్ల పట్టీ ఏడాది మొత్తం గ్రీనే మేడమ్. ఒక్కపారి గూడ పసుపు రాలే. అందరు పిల్లలు గిట్లుంటే మీకు నాకు రెస్టే రెస్టు" అన్నారు.

నాకూ ఆ మాట బాగానే అనిపించింది. ఏడాది మొత్తం నేను వెళ్ళనక్కర్లేని ఇల్లు ఒకటుందంటే దండం పెట్టుకోవద్దూ.

ఎండల ఆరో నెల, మంగళవారం

సమ్మక్క పైపొద్దు ఇంకా వాడుకోలేదు. పైకి తీసుకెళ్ళే లిఫ్టు మనిషి కబురు పెట్టాడు, ఈ నెల దాటితే అది రద్దయిపోతుందని. నేను ఇక్కడ పనిలో చేరినప్పటినుంచి పైపొద్దు వదిలేసుకున్న పిల్లను చూడలేదు. జ్వరంతో ఉన్నవాళ్ళు కూడా దుప్పటి కప్పుకుని వెళ్ళొస్తారు.

విరామంలో పిలిచి అడిగాను.

"అమ్మకు తీరుతలేదు టీచర్. వేరే వాళ్ళకు ఇయ్యుండ్రి."

"నువ్వు చూడాలని లేదా?"

"నేను సూసిన గదా, నిరుడు." జడ కొస సర్దుకుంటూ, "టీచర్, మా తమ్ముడిని చిన్నపిల్లల తరగతిల ఇప్పుడే కూసోవెట్టుకుంటరా? వాడు లొల్లి జేయడు" అంది.

వాడికింకా ఈడు రాలేదని చెప్పాను. సరేనని తలూపి వెళ్ళిపోయింది. వెళ్తుంటే దాని చేతులు చూశాను. సోడా నీళ్ళలో బట్టలుతికే పెద్దవాళ్ళ చేతుల్లా పగిలి ఉన్నాయి. మరో ఇంటి పసుపు నా ఫోనులో మోగుతోంది. వెళ్ళాను.

ఎండల ఆరో నెల, గురువారం

పట్టీ రంగు మారకపోయినా ఈరోజు సమ్మక్క ఇంటికి వెళ్ళాను. నియమం ప్రకారం ఇది నా సొంత తిరుగుడు. వెళ్ళేదారిలో బాయికి గాలి పంపే ఫ్యాన్ హౌస్ దగ్గర ఆగి, అక్కడ పనిచేసే సమ్మక్క తల్లి స్వరూప ఏ షిఫ్టులో ఉందని అడిగాను.

"స్వరూపనా?" అంది అక్కడ నూనె పోస్తున్న ఆమె. "పసిబిడ్డ పోయినకాడి నుంచి వస్తలేదు గదా. ఆమె మస్టర్ డ్యూటీ గూడ ఓదెలే చేస్తున్నడు. లేకుంటే రూమ్ ఖాళీ చెయ్యమంటరని."

ఓదెలు సమ్మక్క తండ్రి. కప్పు కింద ఇనుప దన్నులు బిగించే పని. రెండు షిఫ్టులు చేసేవాడు ఇంట్లో ఎంతసేపుంటాడో నేను ఊహించుకోగలను. వాళ్ళకు ఒక బిడ్డ పుట్టి పోయిందన్న సంగతి నాకు తెలియనే తెలియదు.

తలుపు తడితే సమ్మక్క కొంచెమే తెరిచింది. సందులోంచి సగం ముఖం.

"అమ్మ పండుకున్నది టీచర్. ఇప్పుడే షిఫ్టు దిగొచ్చింది."

"ఫ్యాన్ హౌస్ నుంచే వస్తున్నానే."

తలుపు మీది చెయ్యి తీసింది.

లోపల ఎక్కడా దుమ్ము లేదు. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. తమ్ముడు మంచం కోడుకు కట్టిన చీర కొంగు చివర ఆడుకుంటున్నాడు, నిచ్చెన బావి వైపు పోకుండా సమ్మక్క కట్టింది. స్వరూప గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల శుభ్రంగా దువ్వి జడ వేసి ఉంది, కూతురి పనే. పక్కన గిన్నెలో జావ తొరకకట్టి ఉంది.

"స్వరూపా" అని పిలిచాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. నావైపు తిరగలేదు.

"పొద్దున రెండు చెంచాలు తాగింది" అంది సమ్మక్క. "నిన్నటికన్న నయ్యం."

"ఎవరికైనా చెప్పాల్సింది కదమ్మా!"

"చెప్తే అమ్మను మీది వార్డుకు తోల్కపోతరు." దాని గొంతు మామూలుగానే ఉంది. "లావణ్య వాళ్ళ అమ్మను తోల్కపోయిండ్రు గదా. లావణ్యను వేరే బాయి హాస్టల్ల వేసిండ్రు. మల్ల రాలే."

అప్పుడు దాని వైపు సరిగ్గా చూశాను. ఇంత మాట చెబుతున్నా భుజాలు కదలడం లేదు, ఛాతీ కదలడం లేదు. పోటీలో కూర్చున్నట్టే నిలబడి ఉంది. చేతిపట్టీ నిండా ఆకుపచ్చ. కష్టమొస్తే ఎలా ఊపిరి తీయాలో మేం నేర్పినట్టే అది ఇంట్లో నెలల తరబడి తీస్తోంది. మేమేమో అదే ఊపిరి విని, ఈ పిల్ల చల్లగా ఉందని రాసుకున్నాం, చప్పట్లు కూడా కొట్టాం.

తిరిగొచ్చేటప్పుడు మలుపు దగ్గర కూలబడ్డాను. నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో చెప్పలేను, నా మీద కూడా అయ్యుండొచ్చు.

ఎండల ఆరో నెల, శుక్రవారం

గౌస్ సార్‌తో మాట్లాడాను. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. మంచి మనిషే. ఆయన భార్య కూడా చాలా కాలంగా మంచం మీదే ఉంది, ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

"మేడమ్, పట్టీ పసుపు చూపియ్యకుండ సాయం తెరుచుకోదు. మీరు నోటితోని చెప్తే హెల్త్ వాళ్ళు వస్తరు. ఇన్ని నెలలు పట్టీకి దొరకలేదంటే లేటు కేసు, లేటు కేసంటే రెడ్డు. తల్లిని పై వార్డుకు, పిల్లలను హాస్టల్‌కు. నేనేం జెయ్యాలె?"

"అంటే పసుపు వస్తే ఇంట్లో ఉంచి చూస్తారు, మనిషి చెబితే విడదీస్తారు."

"రూల్ రాసినోళ్ళు ఈ ఇంటికి పోయి రాయలేదు గదా." తర్వాత ఏదో ఒకటి అనాలన్నట్టు, "అడగందే అమ్మయినా పెట్టదంటరు. ఆ పిల్లను జర అడగమనుండ్రి. ఒక్కసారి గట్టిగ ఏడ్వమనుండ్రి, పట్టీ దానంతట అదే మారుతది" అన్నారు.

అడగందే అమ్మయినా పెట్టదు. ఆ ఇంట్లో అమ్మకే ఎవరో అన్నం పెట్టాలి.

ఎండల ఆరో నెల, సోమవారం

పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టుంది నా పని. ఒక పిల్లను ఏడవమని బతిమాలుతూ పూటంతా గడిపాను.

బడి అయ్యాక పాత సామాన్ల గదిలో కూర్చోబెట్టుకుని అంతా విడమరిచి చెప్పాను. పసుపు వస్తే అమ్మను ఎక్కడికీ తీసుకుపోరని, నర్సే ఇంటికి వస్తుందని, నాన్నకు ఒక్కటే షిఫ్టు ఉంటుందని, రూము పోదని. శ్రద్ధగా విన్నది. నమ్మిందనే అనుకున్నాను.

"ఇప్పుడు గట్టిగా ఊపిరి తియ్యి."

తీసింది. పట్టీ కదల్లేదు. పరుగెత్తి వచ్చిన ఊపిరినీ కావాలని తీసిన ఊపిరినీ అది లెక్కలోకి తీసుకోదు. పరుగెత్తించాను కూడా, పనికి రాలేదు.

"పోయిన చెల్లి గుర్తొస్తుందా?" అని అడిగాను. ఆ మాట నా నోటినుంచి వచ్చినందుకు నాకే అసహ్యమేసింది.

సమ్మక్క నేలవైపు చూసింది. ఊపిరి ఇంకా సన్నబడింది. పట్టీ మీది ఆకుపచ్చ ఇంకా ముదిరింది.

"నాకు ఏడ్వరాదు టీచర్" అంది. బడిలో లెక్క రాలేదని చెప్పినట్టు సిగ్గుపడుతూ చెప్పింది. "ఏడ్వాలనుకుంటే ఊపిరి దానంతటదే సన్నగైతది. తమ్ముడికి గూడ నేర్పిస్తున్న."

ఇంక చాలమ్మా అన్నాను. ఇంటికి పంపేశాను.

ఎండల ఆరో నెల, బుధవారం

ఓదెలు నిన్న దన్ను బిగిస్తూ నిలబడ్డచోటే నిద్రపోయాడట. ఇనుప కడ్డీ కాలి పక్కన పడింది. కాలి మీద పడలేదు, అంతే తేడా. పడుంటే ఆ ఇంటికి ఇక ఏ రంగూ అక్కర్లేదు.

పొద్దున సమ్మక్కను వరండాలో ఆపి పట్టీ అడిగాను. ఎందుకని అడగకుండా విప్పి ఇచ్చింది. అది తరగతిలో ఉండగా నేను వాళ్ళింటికి వెళ్ళి, స్వరూప మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. పిల్లల పట్టీ కదా, చివరి బెజ్జంలో బలవంతాన బిగించుకోవాల్సి వచ్చింది. కట్టుకున్నది ఎవరో దానికి తెలియదు, ఊపిరే తెలుస్తుంది. కష్టాలన్నీ తలచుకుని, నాలుగు కన్నీళ్ళు రప్పించుకుని, అవసరమైతే గుండెలు బాదుకుని అయినా పసుపు తెప్పిద్దామని సిద్ధపడి వచ్చాను.

ఏమీ చెయ్యక్కర్లేకపోయింది. ఊరికే కూర్చున్నాను. పిల్లవాడు నా చీర కుచ్చిళ్ళు లాగుతున్నాడు. మామూలుగా, రోజూ తీసే ఊపిరే తీశాను. పట్టీ పసుపయింది.

వెంటనే నా ఫోను మోగింది. సమ్మక్క ఇంట్లో ఇబ్బంది ఉందట, తోడు టీచర్ వెంటనే వెళ్ళాలట.

నవ్వొచ్చింది. పైకే నవ్వాను. ఆ తర్వాత నవ్వు ఆగలేదు, ఏమయిందో తెలియదు, అది నవ్వు కాకుండా పోయింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎన్నో ఇళ్ళ తలుపులు తట్టాను గాని, నా ఇంటి తలుపు తట్టినవాళ్ళు గుర్తుకు రాలేదు.

మంచం కిర్రుమంది. స్వరూప ఇటు తిరిగింది. నన్ను గుర్తుపట్టినట్టు లేదు.

"ఎవరు సచ్చిండ్రు?" అంది. గొంతు వాడక వాడక బొంగురుపోయింది.

"ఎవరూ చావలేదమ్మా" అన్నాను. "అలిసిపోయాను."

ఆమె మంచం మీద కొంచెం జరిగి చోటిచ్చింది.

ఎండల ఆరో నెల, గురువారం

సాయం తెరుచుకుంది. నర్సు వచ్చి వెళ్ళింది, రోజు విడిచి రోజు వస్తుంది. ఓదెలుకు ఒక్కటే షిఫ్టు. పక్కింటి కనకవ్వతో జంట పొయ్యి. కనకవ్వ నోరు మా ఫ్యాన్‌కంటే పెద్దది, ఈమె ఎందుకురా బాబూ అని భయపడ్డాను. ఆమె లోపలికి వస్తూనే, "నా పొయ్యి ఖరాబైంది పిల్లా, మీ పొయ్యి మీద వండుకుంట" అని సమ్మక్కకు చెప్పింది. కష్టం తనదే అన్నట్టు చెప్పింది. ఆమెకు నేను మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

గౌస్ సార్ పిలిచారు. ఎదురుగా తెర మీద నిన్నటి పసుపు ఉంది. ఆ సమయానికి సమ్మక్క బడిలో ఉంది, పట్టీ మాత్రం ఇంట్లో ఉంది. ఆయన తెర వంక చూశారు, నా మణికట్టు మీది ఎర్రటి పట్టీ గుర్తు వంక చూశారు. నేను చెప్పడానికి నోరు తెరిచాను.

"పిల్ల పట్టీ ఇంట్ల మర్చిపోయి వచ్చింది" అన్నారాయన. "ఇంట్ల తమ్ముడు కట్టుకున్నట్టున్నడు. చిన్నపిల్లలు గదా. నేను గట్లనే రాసిన."

"సార్..."

"మీరు ఇయ్యాల ఇంటికి పోయి పండుకోండ్రి మేడమ్. పసుపులు నేను తిరుగుత." ఆయన నిజంగానే తిరిగారు, సాయంత్రం కుంటుతూ కనబడ్డారు.

ఎండల ఆరో నెల, శనివారం

ఓదెలు బడికి వచ్చాడు. కోపంగా ఉన్నాడు. "మా ఇంట్ల సంగతి మీకెందుకు? నేను సంబాళించుకుంటలేనా? నా పెండ్లాం సంగతి ఊరందరికి జెప్పుకోవాల్నా?" అని తరగతి గుమ్మంలోనే అరిచాడు. నేను కుర్చీ చూపించాను. కూర్చున్నాక కోపం నిలవలేదు.

"రెండు రాత్రులు నిద్రవోయిన టీచర్" అన్నాడు. "లేసినంక నా పిల్లను సూసిన. ఇన్ని దినాలు సూడలే."

సమ్మక్క నాతో మాట్లాడటం మానేసింది. ఇన్ని నెలలు ఒక్కతే మోసుకొచ్చిన ఇంట్లోకి పరాయివాళ్ళు జొరబడ్డారు. గిన్నెలు కనకవ్వ వేరేలా బోర్లిస్తోందట. దానికి కారణం నేనే. ఎదురుపడితే తల పక్కకు తిప్పుకుంటోంది. ఇది నాకు కొత్త కాదు, సాయం చేసినచోట దండలు వేస్తారని ఎవరూ చెప్పలేదు. అయినా ఈసారి బాధగానే ఉంది.

ఎండల ఏడో నెల, సోమవారం

పోటీ తీసేద్దామని సమితికి రాద్దామంటే గౌస్ సార్ ఒప్పుకోలేదు. ఆలోచిస్తే నేనూ ఒప్పుకోలేను. కప్పు రేపు కూలితే పిల్లలకు ఆ ఊపిరే దిక్కు. కాబట్టి మేం చేసింది చిన్న మార్పు. రోజూ సన్న ఊపిరి అభ్యాసం అయ్యాక ఈల వేసి, ఇక వదిలేయండి అని అరుస్తాం. పిల్లలు ఒక్కసారిగా బుస్సుమని ఊపిరి వదిలి, అరిచి, ఒకళ్ళనొకళ్ళు తోసుకోవాలి. అదీ పాఠమే అని చెప్పాం. చెప్పక్కర్లేదు, గోల చెయ్యమంటే మా పిల్లలకు చెప్పాలా.

ఈరోజు ఈల వేశాక స్తంభం పక్కన నిలబడి చూశాను. అందరూ గెంతుతుంటే ముగ్గురు మాత్రం ఇంకా సన్నగానే ఊపిరి తీస్తున్నారు. ముగ్గురి పట్టీలూ ఆకుపచ్చే. సాయంత్రం ముగ్గురి ఇళ్ళకూ వెళ్ళాను. ఒకడికి ఈల వినబడలేదు, వాడి చెవిలో చీము. రెండోది సహజంగా నింపాది మనిషి, వాళ్ళింట్లో అందరూ అంతే, నాకు టీ ఇవ్వడానికి గంట పట్టింది. మూడో ఇంట్లో చూసింది ఇక్కడ రాయను. అక్కడ పొయ్యి పాడయింది.

కాళ్ళు వాచాయి. రేపు మళ్ళీ వెళ్ళాలి.

ఎండల ఏడో నెల, గురువారం

బడి వదిలే వేళకు గ్యాలరీ మలుపులో ఒకామె గోడ పట్టుకుని నిలబడి ఉంది. టోపీ లైటు వెలుగులో మొదట గుర్తుపట్టలేదు. ముఖం పాలిపోయి, ఒళ్ళు సగమై ఉంది. వెనక కొంచెం దూరంలో కనకవ్వ, పడిపోతే పట్టుకోవడానికి అన్నట్టు చేతులు చాపి ఉంది, నోరు మూసుకుని ఉంది. స్వరూప తన కాళ్ళ మీద తాను నడిచి కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చింది.

సమ్మక్క సంచి తగిలించుకుని బయటికొచ్చి తల్లిని చూసింది. పరుగెత్తుతుందనుకున్నాను. పరుగెత్తలేదు. మామూలుగా నడిచి దగ్గరికి వెళ్ళింది. ఎదురుగా నిలబడింది. సంచి కింద పెట్టింది. పిడికిలి బిగించి తల్లి పొట్టమీద గుద్దింది.

"ఎందుకు లేవలే నువ్వు?"

ఇంకో గుద్దు.

"తమ్ముడు ఏడిస్తే ఎందుకు లేవలే? నేను పిలిస్తే ఎందుకు పలకలే? రోజు పిలిచిన. రోజు పిలిచిన అమ్మా!"

అంత గొంతు ఆ పిల్లలో ఉందని నాకు తెలియదు. అది బొగ్గు గోడలకు కొట్టుకుని గ్యాలరీ చివరిదాకా వెళ్ళింది. పిల్లలంతా బిగుసుకుపోయారు. రెండు చేతులతోనూ కొడుతోంది, కాళ్ళతో తన్నుతోంది, మాటలు పోయి ఒట్టి అరుపు మిగిలింది. స్వరూప తూలింది. గోడకు వీపు ఆనించి నిలదొక్కుకుంది. చేతులు అడ్డం పెట్టుకోలేదు.

"కొట్టు బిడ్డా" అంది. "కొట్టు."

గౌస్ సార్ గదిలోంచి పరుగెత్తుకొచ్చారు. "మేడమ్, పట్టుకోండ్రి, ఆమె అసలే కమ్‌జోర్..."

కనకవ్వ కూడా ముందుకు అడుగేసింది. నేను ఇద్దరికీ చెయ్యి అడ్డం పెట్టాను. ఆగండి, దాన్ని కొట్టనివ్వండి అన్నాను.

కొట్టి కొట్టి సమ్మక్క చేతులు నొప్పి పుట్టాయి. తల్లి నడుం పట్టుకుని ముఖం ఆమె కడుపులో దాచుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. స్వరూప గోడవెంట మెల్లగా జారి కింద కూర్చుని పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

చాలాసేపు ఏడ్చింది. ఇంటికి వెళ్ళమని నేను పిల్లలకు చెప్పలేదు, వాళ్ళూ కదల్లేదు. అందరం అక్కడే నిలబడి విన్నాం.